కరెంటు పోతే ఆగిన చేతులు

నా చిన్నప్పుడు, ఒక మంగళవారం సాయంత్రం నాలుగుంపావుకు, సూరత్‌లో మేముండే ఖటోదరా గల్లీలో కరెంటు పోయింది. అదేం వింత కాదు, తరచూ పోయేదే. నాలుగుంపావు అని ఇంతకాలం గుర్తుండడానికి కారణం బాపు పనిచేసే మరమగ్గాల కార్ఖానా గోడ మీది గడియారం. అది కూడా కరెంటుతో నడిచేదే. మగ్గాలతో పాటు ఆగింది.

మేము దూదేకుల వాళ్ళం. ఇంట్లో నమాజు ఉండేది, మాట మాత్రం తెలుగు. మా బాపు కరీంనగర్ వైపు నుంచి మగ్గం పనికి వచ్చి ఆ గల్లీలోనే ఉండిపోయాడు. అమ్మ ఇంటి దగ్గర చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది. నాకంటే రెండేళ్ళు పెద్దవాడైన మా అన్నకు పుట్టినప్పటి నుంచి వినపడదు. మాట కూడా రాలేదు. సాయంత్రం చాయ్ తీసుకొని ఇద్దరం బాపు దగ్గరికి వెళ్ళేవాళ్ళం.

కార్ఖానాలో మగ్గాలు నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకని అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. రెండు చేతుల వేళ్ళు కలిపి చటుక్కున విడదీస్తే పోగు తెగిందని. బొటనవేలికి చూపుడువేలు రుద్దితే ముడి వెయ్యమని. పనికి సంబంధించినవే కాదు, ఊరి ముచ్చట్లు, యజమాని సేఠ్ మీద జోకులు, ఇవాళ ఏం కూర అనే సంగతి, అన్నీ చేతుల మీదే నడిచేవి. మా అన్న ఆ భాష ఎప్పుడు నేర్చుకున్నాడో ఎవరికీ తెలియదు. చాయ్ ఇచ్చి వచ్చే కాసేపట్లోనే నేర్చుకొని ఉంటాడు.

ఆ రోజు వాడు వాళ్ళకు సేఠ్ కథ చెబుతున్నాడు. తెల్లప్యాంటుకు నూనె అంటకుండా మగ్గాల మధ్య సేఠ్ ఎలా నడుస్తాడో, చెమట వాసనకు ముక్కు ఎలా మూసుకుంటాడో చేసి చూపిస్తున్నాడు. మగ్గాల దగ్గర నిలబడ్డవాళ్ళంతా నవ్వుతున్నారు. బాపు కూడా నవ్వుతున్నాడు. అప్పుడు కరెంటు పోయింది.

మగ్గాలు ఆగాయి. చేతులన్నీ కిందికి దిగాయి. అందరూ నోటితో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒకతను బీడీ వెలిగించి మా అన్నకు వీపు తిప్పి కూర్చున్నాడు. ఎవరూ కావాలని చేసింది కాదు. మా అన్న చెయ్యి ఒక్కటే గాల్లో ఉండిపోయింది. సేఠ్ కథ ఇంకా అయిపోలేదు. వాడు ఒక ముఖం తర్వాత ఇంకో ముఖం చూశాడు. తర్వాత చెయ్యి దించి చాయ్ గ్లాసులు ఏరుకున్నాడు.

గుమ్మం దగ్గర మాకు చదువు చెప్పే ఆపా కూరగాయల సంచితో నిలబడి ఉంది. ఆమె గది కార్ఖానా పైన. మెట్లు ఆ గుమ్మం పక్క నుంచే. గుజరాతీ ముసలామె, గల్లీలో అందరూ ఆపా, అంటే అక్క, అనేవారు. రోజూ సాయంత్రం గల్లీలోని ముస్లిం పిల్లలను కూర్చోబెట్టుకొని అరబీ అక్షరాలు, నమాజు నేర్పేది. నేనూ వెళ్ళేదాన్ని. మా అన్న రాడు. వినపడనివాడిని దేవుడు లెక్క అడగడని ఊళ్ళో ఎవరో పెద్దమనిషి అమ్మతో అన్నాడట. అమ్మకు అది పెద్ద ఊరట. మేము పైన చదువుతుంటే మా అన్న మెట్ల మీద కూర్చొని నా చెప్పులు చూసుకునేవాడు.

ఆపా వాడి చేతిని చూసింది, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు మా గుమ్మంలోకి వచ్చి గొంతు మీద చెయ్యి వేసుకొని తల అడ్డంగా ఊపింది. మా అన్నను చూపించింది. పైకి చూపించింది. అమ్మకు అర్థమైంది. గొంతు పోయింది, పిల్లలకు పాఠం చెప్పడానికి సైగలు తెలిసినవాడు కావాలి. అమ్మ కాస్త తటపటాయించింది. తర్వాత, పాపం ముసలామె, నాలుగు రోజులు సాయం ఉంటాడులే అని వాడి తల దువ్వి పంపింది. వెనకాలే నాతో మిరియాల కషాయం పంపింది.

ఆ వారం మా పాఠం మాట లేకుండా నడిచింది. ఆపా చెయ్యి కదిలిస్తే మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకునేవాళ్ళం. మా అన్న ఒక్కడే చప్పున అందుకొని మాకు చేసి చూపించేవాడు. ముందు చేతులు, తర్వాత నోరు, ముక్కు, ముఖం అంటూ నమాజుకు ముందు కడుక్కునే వజూ వరసంతా వాడే నేర్పాడు. ఎవరైనా వరస తప్పితే వేళ్ళు కలిపి విడదీసేవాడు. తెగింది. తర్వాత వేళ్ళు రుద్దేవాడు. ముడి వేసి అక్కడి నుంచే నడిపించు. ఆపా ఆ రెండు సైగలూ వాడి దగ్గర నేర్చుకుంది. నమాజులో నిలబడడం, వంగడం, నుదురు నేలకు ఆనించడం కూడా వాడు ఆ వారంలోనే నేర్చుకున్నాడు. అరబీ మాటలు వాడికి రావని ఆపాకు తెలుసు. వాటి కోసం వాణ్ణి ఆపలేదు.

ఆదివారం పొద్దున కూరగాయల బండి గల్లీలోకి వచ్చింది. బెండకాయలు ముదిరాయని ఒక గొంతు గుజరాతీలో బండివాడితో పెద్దగా కొట్లాడుతోంది. అమ్మ కత్తెర పక్కన పెట్టి చెవి ఒగ్గింది. తర్వాత నన్ను వెంటబెట్టుకొని పైకి వెళ్ళింది. నా చేతిలో ఆ రోజు కషాయం గ్లాసు అలాగే ఉంది.

అమ్మ తనకొచ్చిన హిందీలో అడిగింది, గొంతు బెండకాయలు కొనడానికి వచ్చిందా, పాఠం చెప్పడానికి రాలేదా అని. ఆపా నవ్వలేదు. అబద్ధం ఆడలేదమ్మా, గొంతు మీద చెయ్యి పెట్టాను, అంతే అంది. దానికి శిక్షగా నాలుగు రోజులూ నీ కషాయం తాగాను కదా అని కూడా అంది.

అమ్మకు నవ్వొచ్చినట్టుంది, కానీ కోపం పోలేదు. వాడికి మాఫీ ఉంది కదా, ఎందుకు వాణ్ణి కష్టపెట్టడం అంది.

ఆపా కింద కూర్చుంది. "మాఫీ ఉంది. కాదని నేనన్నానా. మాఫీ అంటే రాకపోయినా ఏమీ అనరు అని. రావద్దని కాదు, బేటీ."

అమ్మ కూడా కింద కూర్చుంది. తర్వాత పోయిన ఏడాది బక్రీద్ సంగతి చెప్పింది. బాపు మా అన్నకు కొత్త బట్టలు వేసి నమాజుకు తీసుకువెళ్ళాడు. అందరూ సజ్దాలోకి వెళ్ళారు. నుదురు నేల మీద ఉన్నప్పుడు పక్కవాళ్ళు లేచింది కనపడదు. ఇమాము గొంతు విని లేవాలి. అందరూ లేచినా మా అన్న అలాగే ఉన్నాడు. వెనక ఎవరో పిల్లలు నవ్వారు, ఒక పెద్దాయన కూడా నవ్వాడు. బాపు వాడి చెయ్యి పట్టుకొని ఇంటికి వచ్చేశాడు. ఇక వాణ్ణి తీసుకుపోనని అమ్మతో చెప్పాడు. ఈసారి బక్రీద్ ఇంకో పది రోజుల్లో ఉంది.

ఆ సాయంత్రం ఆపా బాపును పిలిపించింది. బాపు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఇంట్లో కొడుకుతో చేతులతో ఎందుకు మాట్లాడవని ఆమె అడిగింది. నాకు ఆ ప్రశ్న వినగానే ఆశ్చర్యమైంది. అవును, కార్ఖానాలో అంత మాట్లాడే బాపు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక వాడితో ఒక్క సైగ కూడా చేసేవాడు కాదు. అన్నం తిన్నావా అని తల ఎగరేసేవాడు, అంతే.

"అది కార్ఖానా మాట, ఆపా," అన్నాడు బాపు. "బయట గిట్ల చేతులు తిప్పితే మంది నవ్వుతరు."

"కార్ఖానాలో నీ కొడుకు చెవిటివాడు కాదు. నా కళ్ళతో చూశాను. కరెంటు పోయాకే చెవిటివాడయ్యాడు."

బాపు తల వంచుకున్నాడు. కింద మగ్గాలు నడుస్తున్నాయి, నేల అదురుతోంది. తలెత్తకుండానే అడిగాడు, సజ్దాలో ఉన్నప్పుడు ఎట్ల అని. అది తనకూ తెలియదంది ఆపా. బాపే కాసేపు ఆలోచించి, పక్కనే ఉంటా గద, చిటికెన వేలు తాకిస్తా అన్నాడు. నమాజులో తాకొచ్చో లేదో ఇద్దరికీ తెలియదు. మర్నాడు ఆపా మసీదులో పెద్దాయనను అడిగించింది. అంతమాత్రం కదలికకు నమాజు చెడదని ఆయన కబురు పంపాడు. ఆ పది రోజులూ బాపు పని నుంచి వచ్చి, చాప వేసి, మా అన్నతో సజ్దాలు చేశాడు. అమ్మ దారాలు కత్తిరిస్తూ చూసేది. ఒక రోజు, నాకు పెళ్ళయినంక ఈయన ఇన్నిసార్లు నమాజు చేసుడు నేను సూడలే అంది.

ఈద్ రోజు నేనూ వెంట వెళ్ళాను. బాపు వరస చివర నిలబడ్డాడు, మా అన్నను పక్కన పెట్టుకున్నాడు. నేను స్తంభం దగ్గర చిన్నపిల్లలతో కూర్చున్నాను. నాకు వాళ్ళ చేతులు కనిపిస్తున్నాయి. మొదటి సజ్దాలో బాపు వేలు కదలలేదు. అందరూ లేస్తున్నారు. నేను మెడ చాచి చూశాను. అప్పుడు బాపు చిటికెన వేలు జరిగి మా అన్న వేలికి తగిలింది. వాడు లేచాడు. అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా లేచాడు, కానీ లేచాడు.

నమాజు అయ్యాక అందరూ ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. పోయిన ఏడాది నవ్విన పెద్దాయన అక్కడే ఉన్నాడు. బాపు ఆయన ముందే మా అన్న వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి, ఆకలవుతోందా, ఇంటికి పోయి సేమ్యా పాయసం తాగుదామా అని అడిగాడు. కార్ఖానాలో అడిగినట్టే, అంత పెద్దగా, చేతులు దాచుకోకుండా అడిగాడు. ఆ పెద్దాయన చూశాడు. బాపు చేతులు దిగలేదు.

తర్వాత మా ఇల్లంతా చేతులతోనే మాట్లాడింది. అమ్మ దారాలు కత్తిరిస్తూ కత్తెరతోనే తిట్టేది. మా అన్న పెద్దయి అదే కార్ఖానాలో మగ్గం నడిపాడు. ఆపా పోయినప్పుడు ఆమె ఖబ్రు మీద మట్టి వేసినవాళ్ళలో వాడున్నాడు. అమ్మ పోయింది, బాపు పోయాడు. ఖటోదరాలో ఆ కార్ఖానా ఇప్పుడు చీరల డబ్బాలు పెట్టే గోదాము. నేను భేస్తాన్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. చివరి ఏళ్ళు మా అన్న కూడా మాతోనే ఉన్నాడు.

పోయిన వానాకాలం వాడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మాస్కుల వెనక నుంచి అందరూ గట్టిగా మాట్లాడేవారు. ఒక సాయంత్రం వాడు మంచం మీద రెండు చేతుల వేళ్ళు కలిపి, మెల్లగా విడదీశాడు. నీళ్ళు అడుగుతున్నాడేమో అంది నర్సు. నేను బొటనవేలికి చూపుడువేలు రుద్ది చూపించాను. వాడు నా వేళ్ళను చూశాడు. తల ఊపలేదు.

వాడు పోయాడు. పోయినవాళ్ళ కోసం చేసే జనాజా నమాజు నిలబడే చేస్తారు, అందులో సజ్దా ఉండదు. ఎవరూ ఎవరి వేలూ తాకవలసిన పని లేదు. నా కొడుకు తిరిగొచ్చి అంతా సరిగ్గా జరిగిందన్నాడు.

భేస్తాన్‌లో ఇప్పటికీ అప్పుడప్పుడు కరెంటు పోతుంది. పోగానే నేను మాట ఆపేస్తాను. గదిలో ఎవరి చెయ్యైనా గాల్లో ఉండిపోయిందేమో అని చూస్తాను. ఆపా నాకు నేర్పిన పాఠం అదొక్కటే గుర్తుంది. నా వేళ్ళు వాటంతట అవే రుద్దుకుంటాయి. చలేస్తోందా అని మనవరాలు అడుగుతుంది. మా పిల్లలకు కొన్ని సైగలు వచ్చు. అవి వాళ్ళ మామతో, మా అన్నతో మాట్లాడటానికి నేర్చుకున్నవి.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ చేతులతో మాట్లాడరు.