ఆఠీను రాణి చెప్పిన మాట

సంపూర్ణ పుట్టింది ముదిగొండలో, ప్రార్థన చేయకుండా అన్నం ముట్టని ఇంట్లో. నలభై రెండేళ్ళు వచ్చేదాకా ఆమె పేకముక్కను తాకలేదు. పేక అంటే వాళ్ళింటి లెక్కలో సారా సీసాతో సమానం. అలాంటి మనిషి ఒక వేసవంతా కూర్చుని పేక కలపడం నేర్చుకుంది.

ఆమె భద్రాచలం వైపు అడవి అంచున ఒక ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్. తండాలకు వెళ్ళి, జ్వరమొచ్చిన వాళ్ళ వేలు పొడిచి, రక్తపు చుక్కను గాజు పలక మీద తీయాలి. సూది కనపడగానే జనం ఇళ్ళలోకి పోయేవారు. మూఢనమ్మకాల మీద ఊరూరా ప్రదర్శనలిచ్చే రిటైరైన సైన్సు మాస్టారు భద్రయ్య ఆమెకొక ఉపాయం చెప్పాడు.

"రెండు మ్యాజిక్కులు నేర్చుకోమ్మా. జనం కూసుంటరు. కూసున్నంక వేలు గూడ ఇస్తరు."

ముందు పట్టు నేర్పాడు. పేక ఎడమ అరచేతిలో ఒదిగి ఉండాలి, బొటనవేలు పక్కన, చూపుడువేలు ముందంచున. "గొంతు పిసికినట్టు పట్టుకుంటవేంది? అదేమన్న పారిపోతదా?" అని నవ్వేవాడు. తరవాత కలపడం. రమ్మీ ఆడేవాళ్ళు కలిపే పద్ధతే. కుడిచేతిలో కట్ట ఉంటుంది. దాని పైనుంచి నాలుగైదు ముక్కల చొప్పున ఎడమచేతిలోకి జారుతుంటాయి. ఎదుటి మనిషి "ఆపు" అనగానే ఆపి, కుడిచేతిలో మిగిలిన కట్టను ఎత్తి అడుగుముక్క చూపించాలి. పైనుంచే జారుతున్నాయి కాబట్టి ఎక్కడ ఆపినా అడుగున ఉండేది ఒకటే ముక్క, మనం ముందే చూసిపెట్టుకున్నది. రహస్యం ఇంతే. కానీ వేళ్ళు తడబడకుండా, చూపు చేతుల మీదికి పోకుండా చేయడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది.

ఆ మూడు నెలలూ నవ్వులపాలే. ఆటో నడిపే భర్త బెన్నీ బట్టల బీరువాలో పేక చూశాడు. "ఏందే, క్లబ్బు తెరుస్తున్నవా? పాస్టరు గారికి తెలిస్తే ఆదివారం నాకు మొకం ఉంటదా?" అన్నాడు. ఒకసారి ఖమ్మం బస్సులో సాధన చేస్తుంటే కట్ట చెదిరి నేలంతా పరుచుకుంది. "మేడం, మాకూ ఓ చెయ్యి వెయ్యున్రి," అన్నాడు వెనక సీటాయన. బస్సంతా నవ్వింది. యాభైరెండు ముక్కలూ ఏరుకునేదాకా ఆమె తల ఎత్తలేదు.

మాస్టారు పెట్టిన షరతు ఒకటే. చేసిన ప్రతి మ్యాజిక్కునూ అక్కడికక్కడే విప్పి చూపించాలి. "ఇప్పకపోతే నువ్వూ తాయెత్తులు కట్టెటోడూ ఒకటే."

జూన్‌లో చాంది వాళ్ళ తండాలో మొదటిసారి ఆమె వేళ్ళు తడబడలేదు. చాంది యాభై దాటిన మనిషి, తండాలో ఆమె మాటకు విలువుంది. ఆమె "ఆపు" అన్న ప్రతిసారీ ఆఠీను రాణే వచ్చింది. చాంది సంపూర్ణ చేయి పట్టుకుని, "నీ చేతిల దేవుడున్నడక్కా," అంది. ఆడవాళ్ళందరూ ఆ చేతుల వైపు చూశారు. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ చేతులను అలా చూసినవాళ్ళు లేరు. ఇప్పుడే విప్పాలి. రేపు విప్పుదాంలే అనుకుంది. ఆ రోజు ముప్ఫై ఒక్క మంది వేలిచ్చారు.

"ఇప్పి చూపించినవా?" అని మాస్టారు ఫోన్‌లో అడిగాడు.

"అవ్ సార్," అంది.

ఆగస్టు వానల్లో చాంది కోడలు సుజాతకు జ్వరం వచ్చింది. నాలుగో నెల కడుపు. సంపూర్ణ పరీక్ష చేసింది. మలేరియా. రక్తం కూడా తక్కువే. పెద్ద దవాఖానాకు వెంటనే పోవాలని చెప్పింది. చాంది కదలలేదు.

"నీ పేక దియ్యక్కా. ఎర్రదొస్తే పోతం. నల్లదొస్తే పోం."

"పేకతోని ఏం పనే? జరం ముదురుతాంది, జల్దీ ఆటో పిలువు."

"జరం సంగతి నేనడుగుతలేను. పోయినేడు పెద్దకోడల్ని తీస్కపోతే పొద్దుమూకేదాక వరండాల కూసోబెట్టి ఎల్లగొట్టిన్రు. ఈసారి లోపలికి తీస్కుంటరా లేదా, గదే నీ పేకను చెప్పమను."

ఆ ప్రశ్నకు జవాబు పేకలో లేదు. ఆ దవాఖానాలో పనిచేసే ఒక నర్సు సంపూర్ణకు తెలుసు. ఒక ఫోను చేయవచ్చు. ఇంకా సులువుగా, ఆటో ఎక్కి వాళ్ళతో వెళ్ళవచ్చు. కానీ ఆ వారం తీయాల్సిన రక్తపు పలకలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. ఆమె అడుగుముక్క చూసుకుని పేక కలిపింది. చాంది ఆపమంది. ఎర్రదే వచ్చింది. ఆఠీను రాణి.

"తీసుకుంటరు, పోన్రి," అంది సంపూర్ణ.

తీసుకోలేదు. ఆధార్ కార్డు అడిగారు, మంచాలు లేవన్నారు, సాయంత్రం దాకా అదే వరండాలో ఉంచారు. మరునాడు ఇంకో ఊళ్ళో చేర్చుకున్నారు. సుజాత బతికింది. కడుపు నిలవలేదు. తండావాళ్ళకు మూఢనమ్మకాలెక్కువని మీటింగుల్లో మైకు పట్టుకుని చెబుతాం. రోగం పేరు కంటే వరండా గురించే ఎక్కువ భయపడేలా వాళ్ళను చేసిందెవరో ఆ మైకులో చెప్పం.

పది రోజుల తరవాత సంపూర్ణ వాళ్ళింటికి వెళ్ళింది. తిడతారనుకుంది. చాంది పీటేసి నీళ్ళిచ్చింది.

"ముక్క తప్పు చెప్పిందక్కా. నువ్వేం జేస్తవ్," అంది.

ఆ ఓదార్పు వినలేకపోయింది సంపూర్ణ. సంచిలోంచి పేక తీసి నేల మీద కూర్చుంది. అడుగుముక్క ముందే చూపించింది. ముక్కలు పైనుంచే ఎలా జారుతాయో మెల్లగా చేసి చూపించింది. "ఎప్పుడాపినా గిదే వస్తది. ముక్క తప్పు చెప్పలే. నేనే అబద్ధం చెప్పిన. రెండుసార్లు చెప్పిన, జూన్‌ల ఓసారి, గాపొద్దు ఓసారి," అంది. ఆమె చేతిలోంచి రెండు ముక్కలు జారి పడ్డాయి. ఎవరూ నవ్వలేదు.

చాంది గోడ వైపు తిరిగింది. మంచం మీదినుంచి సుజాత మాట్లాడింది.

"గాపొద్దే చెప్తే నీ చీరకొంగు పట్టుకొనైనా గుంజుకపోతుంటిమి గదక్కా. నువ్వుంటే వాళ్ళు మమ్మల్ని బయట కూసోబెడ్తురా?"

సంపూర్ణ కింద పడ్డ ముక్కలు ఏరుకుంది.

"బుధారం మల్ల దవాఖానకు రమ్మన్నరు," అంది చాంది, ఇటు తిరగకుండానే. "నీకేమన్న పనున్నదా?"

"పనుంది," అంది సంపూర్ణ. "అయినా వస్త."

"వస్తనంటే గాదు. పొద్దుగాల ఏడింటికి రోడ్డు మీద నిలబడాలె. ఆటో నీకోసం ఆగదు."

బుధవారం వాన పడింది. ఆరున్నరకే ఆమె రోడ్డు మీద ఉంది. ఆటో వచ్చాక చాంది మొహం రోడ్డు అవతలికే పెట్టుకుంది. జరిగి చోటు మాత్రం ఇచ్చింది.