మా పిల్లి, పక్కింటి తోటకూర మడి

నా చిన్నప్పుడు మా పిల్లికి రెండు ఇళ్ళు ఉండేవి. తిండికి మా ఇల్లు, దొడ్డికి పక్కింటి అక్క తోటకూర మడి. ఈ ఏర్పాటు పిల్లికీ నాకూ బాగానే ఉండేది. ఇబ్బంది పడిందల్లా ఆ అక్కే.

మా ఊరు అల్లూరుకు తూర్పున, సముద్రపు హోరు వినబడేంత దూరంలో ఉంది. అక్కడ నేలంతా ఇసక. పక్కింటి అన్న పడవలో చేపల వేటకు పోయేవాడు. వేట లేని రోజుల్లో వాళ్ళ పొయ్యి వెలిగేది అక్క పెంచే తోటకూరతోనే. ఇసకలో తవ్విన దొరువులోకి దిగి, కుండతో నీళ్ళు ముంచుకొని, గట్టెక్కి వచ్చి, నాలుగు మడులకూ పొద్దునా సాయంత్రం పోసేది. ఎన్ని కుండలు మోసేదో నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. నాకు తెలిసిందల్లా వారానికొకసారి తాటాకు దడి మీదుగా ఒక తోటకూర కట్ట మా దొడ్లోకి వచ్చి పడేదని, "అవ్వా, పప్పులో ఏసుకో" అని ఒక కేక వినబడేదని.

మా దొడ్లో మట్టి తోలించిన నేల తొక్కుళ్ళకు రాయిలా గట్టిపడింది. అక్క మడులు మాత్రం ఎప్పుడూ మెత్తగా, తడిగా, చల్లగా ఉండేవి. పిల్లికి అంతకంటే ఏం కావాలి? దడి కింది సందులోంచి దూరిపోయి, చక్కగా గుంట తీసి, పని ముగించుకొని, ఎంతో మర్యాదగా కప్పిపెట్టి వచ్చేది. అది తవ్విన చోట మొలకలు వేళ్ళతో సహా లేచి మధ్యాహ్నానికల్లా వాడిపోయేవి. ఒకటి రెండుసార్లు అక్క దడి మీదుగా నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. పిల్లిని ఒళ్ళో పెట్టుకొని ముద్దు చేయడం తప్ప దాని గురించి నేను చేసిన పని ఇంకేమీ లేదు.

ఒకరోజు మా అవ్వ మా క్రైస్తవ సంఘంలో జబ్బుపడిన ఒక సహోదరి కోసం ప్రార్థన చేయడానికి పోయింది. అమ్మా నాన్న కోతల్లో ఉన్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే. అక్క బజారు నుంచి గంప నెత్తిన పెట్టుకొని నేరుగా మా గడపలోకి వచ్చింది. గంప నిండా కూర అట్లాగే ఉంది. ఒక కట్ట తీసి వేళ్ళవైపు తిప్పి చూపించింది.

"చూడు పాపా. బజార్లో అందరి ముందరా ఈ కట్టని నా మొగాన కొట్టినారు. పిల్లి పెంట కూరంట. ఇంక నాకాడ ఎవురు కొంటారు?"

నాకు భయం వేసింది. భయంలోంచి పొగరు వచ్చింది. "అది మా పిల్లి కాదు. ఊళ్ళో ఎన్ని పిల్లులు లేవు?" అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే పిల్లి వచ్చి నా కాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటూ నిలబడింది.

అక్క దాన్ని చూసింది, నన్ను చూసింది. "మీది కాదా? అయితే ఇంకా మంచిది. ఈసారి నా మళ్ళో కనపడిందంటే గోతంలో ఏసి కాలవ అవతల వదిలేసి వస్తా. నీది కాదు గదా, నువ్వు ఏడవబాక" అని గంప ఎత్తుకొని పోయింది.

అవ్వ తిరిగి వచ్చాక నేను గోతం సంగతి చెప్పాను. కట్ట సంగతి చెప్పలేదు. నేనన్న మాట అసలే చెప్పలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం కుటుంబ కూడిక మా ఇంట్లో. సంఘస్తులు చాపల మీద కూర్చున్నారు. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు అడిగారు. ఒకరికి మోకాలి నొప్పి, ఒకరికి కొడుకు తాగుడు. నేను లేచి నిలబడి, పక్కింటి అక్క మా పిల్లిని గోతంలో కట్టి పారేస్తానంటోందని, ఆమె మనసు మారాలని ప్రార్థన చేయమని అడిగాను. చిన్నపిల్ల మనవి కదా, అందరి గుండెలూ కరిగిపోయాయి. అయ్యగారు గొంతెత్తి, ఆ సహోదరిలోని రాతి గుండెను తీసివేసి మెత్తని గుండెను పెట్టమని దేవుణ్ణి వేడుకున్నారు. దడి అవతల అంట్లు తోముతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. రాతి గుండె అనే మాట దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది. నేను కళ్ళు మూసుకొని అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను. అవ్వ కూడా అన్నది.

మరునాడు పొద్దున అక్క దడి దగ్గరికి వచ్చి నిలబడింది. కేకలు వేయలేదు. వేసినా బాగుండేది.

"మీ దేవుడికాడ కూడా నన్ను చెడ్డదాన్ని చేసినారు గదా అవ్వా. చెప్పేటప్పుడు ఆయనకైనా జరిగింది సరిగ్గా చెప్పాల గదా" అన్నది. తర్వాత బజార్లో జరిగింది, మా గడపలో జరిగింది, అంతా చెప్పింది. చెప్పి, పాడైన మడిలోని కూరంతా పీకి ఎదురింటి గేదెకు వేసేసింది.

అవ్వ నన్ను కొడుతుందనుకున్నాను. "పిల్లి ఎవురిదమ్మే?" అని మాత్రం అడిగింది. నేను పిల్లిని చంకనెత్తుకొని ఇంట్లోకి పారిపోయాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో బైబిలు తెరిచి, కాసేపు చూసి, చదవకుండానే మూసేసింది. అది నాకు దెబ్బకంటే ఎక్కువ తగిలింది.

మరునాడు ఆదివారం. తెల్లవారగానే లేచేసరికి అవ్వ మంచం దగ్గర లేదు. రోజూ ఆ వేళకు మంచం పక్కన మోకాళ్ళ మీద ఉండేది. దొడ్లోకి వచ్చి దడి సందులోంచి చూశాను. గుడికి మాత్రమే కట్టుకునే తెల్ల చీరతో అవ్వ అక్క మడిలో మోకాళ్ళూని తల వంచుకొని ఉంది. అక్క రాతి గుండె ఇంకా మారలేదు కాబోలు, దగ్గరికే పోయి ప్రార్థన చేస్తోందని అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

దగ్గరికి పోతే ఆమె చేతిలో కొబ్బరి చిప్ప ఉంది. పక్కన పగిలిన కుండ పెంకు. పిల్లి కప్పిపెట్టిన చోట్లన్నీ వెతికి, పెంటను తడి ఇసకతో సహా చిప్పతో తోడి పెంకులో వేస్తోంది. నన్ను చూసి రెండో చిప్ప చాచింది.

"మొన్న ఆమెన్ అన్నాం గదా మనం. దానికి పనుండాది. మోకాళ్ళెయ్యి."

నేను మోకాళ్ళూనాను. ఇసక చల్లగా తగిలింది. తోడుతుంటే అవ్వ తనలో తాను అనుకున్నట్టుగా చెప్పింది. దేవునికి అర్పణ తెచ్చినవాడు, తన మీద ఎవరికైనా కోపముందని గుర్తొస్తే, అర్పణను అక్కడే వదిలి ముందు వాళ్ళ దగ్గరికి పోవాలని వాక్యంలో ఉందట. మనమీద కోపమున్నవాళ్ళను మార్చమని అక్కడ కూర్చొని అడగమని లేదట.

అంతలో అక్క కుండతో బయటికి వచ్చింది. మమ్మల్ని చూసి కుండ దించేసింది. "లెయ్యవ్వా, ఏందిది! తెల్ల చీర కట్టుకోని... లెయ్యి ముందు!"

"మా పిల్లి చేసిందాన్ని మేమే తియ్యాల గదమ్మే" అన్నది అవ్వ, లేవకుండానే. తర్వాత నావైపు చూసింది. ఊరికే చూసింది.

"మా పిల్లే అక్కా" అన్నాను.

"నాకు తెలీదా? ఊళ్ళో చేపల తలకాయలన్నీ తిని తిని దాని మొగం నీ మొగంలాగే గుండ్రంగా అయ్యుండాది" అన్నది అక్క. నవ్విందో లేదో తల ఎత్తి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

అవ్వ ఆ రోజు మోకాళ్ళ దగ్గర రెండు తడి మరకలతోనే గుడికి వచ్చింది. అందరూ చూశారు.

ఆ వారమంతా మాకు పనే. కాలవ గట్టు దగ్గర నుంచి మెత్తని ఇసక మోసుకొచ్చి మా దొడ్లో మునగచెట్టు నీడన కుప్ప పోశాం. అక్క మడిలో తోడిన దాన్ని కొంచెం దాని మీద కప్పింది అవ్వ, పిల్లికి తన చోటు వాసనతో తెలియాలని. నేను సరుగుడు తోటలో రాలిన ముళ్ళకాయలు గంపకెత్తి తెచ్చి అక్క మొలకల మధ్య పరిచాను. పిల్లి ఒక్కరోజులో బుద్ధి తెచ్చుకోలేదు. నెలకు పైగా రోజూ తెల్లవారి చిప్పలు పట్టుకొని పోయేవాళ్ళం. కొన్ని పొద్దులు ఏమీ ఉండేది కాదు. కొన్ని పొద్దులు ఉండేది.

తర్వాతి శుక్రవారం కూడిక కూడా మా ఇంట్లోనే పెట్టమని అవ్వ అడిగింది. సాక్ష్యాల సమయంలో నేను లేచాను. పిల్లి మాదేనని, మాది కాదని నేను అబద్ధం చెప్పానని, అక్క కూర మా వల్లే చెడిపోయిందని, రాతి గుండె ఆమెది కాదని చెప్పాను. దడి అవతల అంట్ల చప్పుడు మళ్ళీ ఆగింది. అయ్యగారు లేచి, జరిగిందేమిటో అడగకుండానే ప్రార్థన చేసి తాను కూడా తొందరపడ్డానని అన్నారు. మరునాడు ఆయన భార్య స్వయంగా పోయి రెండు కట్టలు కొన్నారు. సంఘంలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొన్నారు. బజార్లో కట్ట మొహాన కొట్టిన ఆమె మాత్రం ఆ తర్వాత ఎన్నడూ అక్క దగ్గర కొనలేదు. ఆ నష్టం మేము తీర్చలేకపోయాం.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం మా దొడ్లో ఏదో పడిన చప్పుడైంది. తోటకూర కట్ట. "అవ్వా, పప్పులో ఏసుకో. కడిగే ఇస్తుండా, మీ పిల్లి మీద ఒట్టు!" అని కేక. అవ్వ ఆ కట్టను గుండెకు హత్తుకొని స్తోత్రం అన్నది. ఆ స్తోత్రం నాకు ఇప్పటికీ వినబడుతుంది.

ఇప్పుడు నేనే అవ్వనయ్యాను. నెల్లూరులో మా వీధిలోనూ పిల్లులున్నాయి, కుండీలున్నాయి, తగాదాలున్నాయి. ఒకరి పిల్లి ఫోటో తీసి ఇంకొకరు ఫోన్లలో వీధంతటికీ పంపుతారు. శుక్రవారం కూడికల్లో ప్రార్థన మనవులు ఇప్పటికీ అడుగుతారు. ఎవరి మనసో మారాలని నేనూ లేస్తాను. కానీ ఆ పేరు నాలుక చివరికి రాగానే నా మోకాళ్ళకు చల్లని తడి ఇసక తగులుతుంది. మళ్ళీ కూర్చుంటాను. ఇంటికి పోయి చిప్ప వెతుక్కుంటాను.