విశాలాక్షి గారి బీరువా

మధురానగర్‌లో విశాలాక్షి గారి హాల్లో ఒక గోడంతా పుస్తకాల బీరువాయే. సోమాజిగూడలో పత్రికాఫీసు ఉద్యోగం చేసి రిటైరైన ఆవిడ, పేరైనా ఎవరూ వినని పుస్తకాలను వచ్చినవాళ్లకల్లా చూపిస్తారు. ఓ పోలీసాయన రాసిన దెయ్యం కథలు, గోదావరి మీద పడవ ప్రయాణం, ఊరగాయల చరిత్ర. చదవమని ఊరిస్తారు గానీ, చేతికిచ్చిన క్షణం నుంచీ అనుమానమే. తిరిగొచ్చిన పుస్తకాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, పేజీ పేజీ వాసన చూస్తారు.

మొన్న పక్క హాస్టల్లో ఉండే దివ్యశ్రీ దెయ్యం కథలు తిరిగి తెచ్చింది. “ఏంటమ్మా, నిజంగా చదివావా?” అన్నారావిడ. “చదివిన ఆంటీ. మస్తు భయమైంది, లైటు ఆర్పకుండనే పండుకున్న. గిది నా పుస్తకం, మీరు సుత చదువుండ్రి,” అంటూ ఆ పిల్ల సంచిలోంచి అట్ట చిరిగిన నవల తీసిచ్చింది. అడక్కుండా ఎందుకిస్తోంది? దీన్నిచ్చి ఏం పట్టుకుపోదామని? దివ్యశ్రీ వెళ్లగానే బీరువా అరలన్నీ వెతికి చూసుకున్నారు. ఏదీ పోలేదు. అందులో ఏముందో చూద్దామని నవల తెరిచి, మధ్యాహ్నం భోజనం సంగతే మరిచిపోయారు. పుస్తకం కోసం ఎన్నడూ ఒకరి గడప తొక్కని ఆవిడ, సాయంత్రం ఆయాసపడుతూ హాస్టల్ మెట్లెక్కి దివ్యశ్రీ తలుపు తట్టారు.

“దీనికి రెండో భాగం ఉండే ఉంటుంది. ఏదీ, ఎక్కడ దాచావు?”