రెండు గ్లాసుల మినపప్పు

ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్ నెలలో నన్ను చిక్కడపల్లి దగ్గరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. నా హోదా స్కూల్ అసిస్టెంట్, గణితం. అంటే ఆరు నుంచి పది దాకా లెక్కలు చెప్పాలి. ఆ బడిలో లెక్కలకు ఇద్దరు ఉండాలి, ఉన్నది నేనొక్కదాన్నే. పై అధికారులు ఎప్పుడొచ్చినా పదో తరగతి ఫలితాలే అడిగేవారు. నన్నడిగితే లెక్కల టీచరు పనితనం ఆరో తరగతిలోనే తేలిపోతుంది. అక్కడ నిష్పత్తి ఎక్కని పిల్ల పదిలో త్రికోణమితి దగ్గర కూర్చుని ఏడుస్తుంది. ఈ మాట ఎన్ని మీటింగుల్లో చెప్పానో, ఒక్కరి చెవికెక్కితే ఒట్టు.

నిష్పత్తి అంటే రెండు రాశులను భాగహారంతో పోల్చడం. ఎంత ఎక్కువ అని కాకుండా ఎన్ని రెట్లు అని అడగాలి. అది తలకెక్కాక అసలు గండం వస్తుంది: రెండు రాశులూ ఒకే ప్రమాణంలో ఉండాలి. నలభై సెంటీమీటర్లకూ రెండు మీటర్లకూ నిష్పత్తి రాయమంటే సగం క్లాసు 40:2 అని రాసి, దాన్ని 20:1 చేసి, మెచ్చుకోమన్నట్టు చూస్తారు. మీటర్లను సెంటీమీటర్లుగా మారిస్తే గానీ సరైన జవాబు 1:5 రాదు. చిన్నది పెద్దదానికి ఇరవై రెట్లు ఎలా అయిందర్రా అని అడిగితే అప్పుడు నాలుక్కరుచుకుంటారు.

పాఠ్యపుస్తకంలోని ఉదాహరణలు నాకు చప్పగా తోచేవి. వంటింట్లో దేంట్లో ఏది ఎంత కలుపుతారో ఇంట్లో అడిగి రమ్మనేదాన్ని. ఆ చలికాలం కూడా అలాగే రమ్మన్నాను. ఒకడు చాయ్ చెప్పాడు, ఒకతె పులిహోర చెప్పింది. తర్వాత శ్రావణి అనే పిల్ల లేచి బోర్డు దగ్గరకొచ్చింది.

"దోశ పిండికి మూడు డబ్బాల బియ్యం, రెండు గ్లాసుల మినపప్పు" అని, 3:2 అని రాసింది.

మూడుకు రెండు పప్పు పోస్తే దోశ పెనాన్ని వదులుతుందా తల్లీ, మీ అమ్మను మళ్లీ అడిగి రా అన్నాను. ముందు బెంచీ పిల్ల మెల్లగా, "టీచర్, వాళ్లమ్మ లేదు. దసరా ముంగట సచ్చిపోయింది" అంది. నా నోరు పడిపోను అనుకున్నాను.

బెల్లు కొట్టాక శ్రావణిని కూర్చోబెట్టుకుని అడిగితే సంగతి తెలిసింది. వాళ్ల నాన్న నర్సింగ్‌కు అశోక్‌నగర్ సందులో టిఫిన్ బండి ఉంది. పోటీ పరీక్షలకు చదువుకుంటూ అక్కడ కిరాయి గదుల్లో ఉండే కుర్రాళ్లు పొద్దున్నే అక్కడే తినేవారు. పెనం, చట్నీ నర్సింగ్‌వి. నానబెట్టడం, రుబ్బడం శ్రావణి వాళ్లమ్మవి. ఆమె పోయాక దోశ చెడింది. గట్టిగా, చల్లారితే అట్టముక్కలా అవుతోందట. గిరాకీ పక్క బండికి పోయింది. వాళ్లమ్మ కూతురికి చెప్పింది ఆ మూడు డబ్బాలు, రెండు గ్లాసుల మాటే.

డబ్బా, గ్లాసు ఒకే కొలతా అని అడిగాను.

"కాదు టీచర్. డబ్బా పెద్దది, గ్లాసు చిన్నది. డబ్బా ఉన్నది. గ్లాసు లేదు."

వాళ్లమ్మ చాయ్ తాగే స్టీలు గ్లాసుతోనే పప్పు కొలిచేదట. దినాలప్పుడు మేనత్త వచ్చి, పోయిన మనిషి ఎంగిలి గ్లాసు ఇంట్ల ఉంచద్దని, బట్టలతో పాటు ఎవరికో ఇచ్చి పంపేసింది. ఇచ్చింది ఎవరికో ఆమెకే గుర్తులేదు. నర్సింగ్ ఇంట్లో చేతికందిన ఇంకో గ్లాసుతో రెండు పోసి రుబ్బిస్తున్నాడు. పాపం, అంకె తప్పలేదు. ప్రమాణం మారిపోయింది. నేను నలభై సెంటీమీటర్లతో నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేది అదే.

ఎంత పప్పు కొనేవాళ్లో తెలిస్తే వెనక్కి లెక్కగట్టవచ్చు అనుకున్నాను. శ్రావణి వాళ్లమ్మ కాచిగూడలో కొన్నిసార్లు, ఇంటి పక్కన కొన్నిసార్లు కొనేది, అందులోంచే ఇంటికీ వాడేది. ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు ఆ గ్లాసు కొలత కనుక్కోవడాన్నే క్లాసుకు ప్రాజెక్టు పనిగా ఇచ్చాను. నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే ఏడాది మధ్యలో వేసే మార్కుల్లో, ప్రాజెక్టుకు ఎలాగూ మార్కులుంటాయి. పిల్లలంతా ఇళ్ల నుంచి స్టీలు గ్లాసులు తెచ్చారు, శ్రావణి వాళ్ల డబ్బా తెచ్చింది. బడిలో చాయ్ కొట్టు పెట్టారా మేడం అని ప్రధానోపాధ్యాయుడు గారు వేళాకోళం ఆడి వెళ్లారు. శ్రావణి కళ్లు మూసుకుని ఒక్కో గ్లాసూ పట్టుకుని చూసేది. "ఇది లావున్నది." "ఇది గాదు." చివరికి ఒకదాన్ని చాలాసేపు పట్టుకుంది. "గిట్లనే ఉండె అనుకుంట" అంది. దాంతో నీళ్లు పోసి కొలిస్తే డబ్బాకు సగం వచ్చింది. మూడు డబ్బాలకు రెండు సగాలు, అంటే 3:1. ఏ ఇంట్లోనైనా పోసే పాళ్లే. పిల్లలు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

ఆ పాళ్లతో రుబ్బిన పిండి పులిశాక, ఒక పొద్దున బడికి వెళ్లేముందు అశోక్‌నగర్ వెళ్లాను. దోశ బాగుంది, కరకరలాడుతోంది. నర్సింగ్ ఒక ముక్క తిని కూతురితో, "అచ్చం మీ అమ్మ చేసినట్లే ఉన్నది బిడ్డా" అన్నాడు.

ఆ పిల్ల నమిలి మింగి, "గట్ల అనకు నాయినా. అమ్మది గిట్ల లేకుండె" అంది.

తర్వాత మెంతులు మార్చి చూశారు, అటుకులు కలిపి చూశారు. కుర్రాళ్లు తిరిగి రావడం మొదలుపెట్టారు, బండి నిలదొక్కుకుంది. శ్రావణికి మాత్రం బండి సంగతి పట్టలేదు. ఆమెకు వాళ్లమ్మ దోశ కావాలి. పొద్దున్నే ఒక ముక్క నోట్లో వేసుకుని, తల అడ్డంగా ఊపి బడికి వచ్చేది. ఒకసారి నర్సింగ్ నన్ను పక్కకు పిలిచి, "నాకు సుత ఎరుకే టీచరమ్మా, అది కాదని. ఏం చెప్పాలె దానికి?" అని అడిగాడు.

నిష్పత్తి తర్వాత వచ్చే పాఠం అనుపాతం. రెండు నిష్పత్తులు సమానమైతే అందులోని నాలుగు పదాలు అనుపాతంలో ఉన్నాయంటాం. అంత్య పదాల లబ్ధం మధ్య పదాల లబ్ధానికి సమానం. కాబట్టి మూడు పదాలు తెలిస్తే నాలుగోది కనుక్కోవచ్చు. ఈ సూత్రం చెప్పిన రోజు పిల్లలందరూ వెళ్లిపోయినా శ్రావణి కదల్లేదు.

"మూడు తెలిస్తే నాలుగోది వస్తదన్నరు కద టీచర్?"

వస్తుందన్నాను.

"మా దగ్గర మూడు లేవు. ఒక్క డబ్బానే ఉన్నది. రాదా?"

లెక్కల టీచరుగా నాకు తెలిసిన జవాబు ఒకటే. రాదమ్మా అన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. మరుసటి రోజు నుంచి దోశ రుచి చూడటం మానేసిందని తర్వాత నర్సింగ్ చెప్పాడు.

నా సర్వీసులో మిగిలిన ఏళ్లలో అనుపాతం మొదలుపెట్టే రోజునే ఒక మాట బోర్డు మీద రాసేదాన్ని: తెలియనిది ఒకటైతేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. అంతకు మించితే ఎంత తెలివైన వాళ్లయినా చేతులెత్తేయాల్సిందే. పదకొండేళ్ల పిల్లలకు అది వినడం ఇష్టముండదు. అయినా ముందే చెప్పాలి.