లాగితే ఆగని కారు

మా బావమరిది ఇప్పటికీ ఆ సంగతి చెప్పేటప్పుడు "ఆ డొక్కు కారు" అనే అంటాడు. తను చేసింది మాత్రం చెప్పడు. అందుకే నేను చెబుతున్నాను.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా కుడికాలు పనికిరాకుండా పోయింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పాత చిన్నకారు కొని, తెనాలిలో ఒక లేతు షాపులో నాకు తగ్గట్టు మార్పించుకున్నాను. బ్రేకు, యాక్సిలరేటరు పెడల్స్ తీసేసి రెండింటినీ స్టీరింగు పక్కన ఒకే ఇనప కడ్డీకి కలిపారు. ముందుకు నెడితే బ్రేకు, వెనక్కి లాగితే వేగం. క్లచ్చు ఎడమకాలికి ఉండనే ఉంది. ఆదివారాలు ఆ షాపు దగ్గర పాత బండ్లవాళ్ళం చేరేవాళ్ళం. చేపలు వేసే వ్యానుకి అడుగున తుప్పు పట్టకుండా లారీ ట్యూబులు కోసి పరిచినవాడొకడుండేవాడు. మా బండ్లకి ఎవరు వంక పెట్టినా అందరం కలిసి మీద పడేవాళ్ళం.

బావమరిదికి బాపట్లలో ఉద్యోగం, కొత్త డీజిలు కారు. నాది మొదటిసారి చూసి, పదిమందిలో, "కారు కాదు బావగారూ, చేతి కుట్టుమిషను" అన్నాడు. మా ఆవిడ కూడా నవ్వింది.

రేపల్లె దగ్గర అత్తగారి ఊళ్ళో గృహప్రవేశానికి వెళ్ళాం. ఇల్లు కాలవకట్ట కింద. తిరుగు ప్రయాణానికి మా నాలుగేళ్ళ అమ్మాయిని వెనక సీట్లో పడుకోబెట్టాను. బ్యాటరీ బాగాలేక, ఇంజను ఆపకుండానే కారును కట్టమీద పెట్టి, మా ఆవిడను కేకేయడానికి దిగాను. వెనక ట్రాక్టరు వచ్చి హారను కొట్టింది. బావమరిది నా సీట్లో ఎక్కేశాడు.

"వద్దు, దానికి బ్రేకు పెడల్ లేదు," అన్నాను.

"చూశాన్లెండి. కడ్డీయేగా."

గేరు వేసి హ్యాండుబ్రేకు దించగానే కారు కాలవ అంచువైపు జారింది. ఆపుదామని వాడు కడ్డీ లాగాడు. ఎడ్లబండి తోలిన ఇంటివాడు, ఆగాలంటే లాగడమే తెలుసు. గేరులో ఉన్న కారు అరుచుకుంటూ ముందుకు దూకింది. ముందుకు నెట్టమని నేను అరుస్తున్నాను. వాడు ఇంకా గట్టిగా లాగుతున్నాడు. చేతిలో కర్ర ఉన్నవాణ్ణి, పరిగెత్తలేను. కాలవ నిండుగా ఉంది. వెనక అద్దంలో నిద్రలేచిన పిల్ల ముఖం నావైపే చూస్తోంది.

ముందు చక్రాలు అంచు దాటాక అడుగుభాగం రాళ్ళకి తగులుకుని, ఇంజను ఆగిపోయింది. పిల్లను వెనకనుంచి లాగి తీశారు.

"మనిషి తోలే బండి కాదు నాన్నా అది. ముందు ఆ కడ్డీ పీకించేయమను," అన్నాడు బావమరిది, కారు దిగుతూనే. మా మామగారు కూడా, "పిల్లని ఇంకెప్పుడూ అందులో ఎక్కించకండి అల్లుడుగారూ," అన్నారు. వద్దంటే ఎందుకెక్కావురా అని వాణ్ణి ఒక్కరూ అడగలేదు. పిల్లను వదిలి దిగానని మాత్రం నన్ను అన్నారు.

ట్రాక్టరుతో కారును వెనక్కి లాగించాను. మా ఆవిడ పిల్లను ఎత్తుకుని బావమరిది కారుకీ నా కారుకీ మధ్య నిలబడింది. రమ్మని నేను అనలేదు. చాలాసేపటికి వచ్చి నా వెనక సీట్లో కూర్చుంది.

వేమూరు దాటినా నా చెయ్యి కడ్డీ మీద పడినప్పుడల్లా ఆమె పిల్లను అదుముకోవడం అద్దంలో కనిపించేది. ముందుకా, వెనక్కా అని ఒక్క క్షణం ఆగకుండా ఆ కడ్డీని నేను మళ్ళీ ఎన్నడూ కదపలేదు.