మామ రెండు నిబంధనలు

సింహాద్రిపురం దగ్గర చీనీతోట, అంటే బత్తాయితోట, ఉన్న మా మామకు బైబిల్లో రెండు నిబంధనలూ బాగానే పనికొచ్చేవి. ఏది ఎప్పుడు తియ్యాలో మాత్రం పులివెందుల మార్కెట్లో చీనీకాయల ధర చెప్పేది.

బోర్లు ఎండి తోట వాడిపోయిన ఏడాది పాత నిబంధన తీసేవాడు. "దశమభాగం ఇయ్యకుంటే దేవుని సొమ్ము దొంగిలించినట్లే అల్లుడా" అంటూ, అడుగు కూడా నిండని బుట్టను చర్చి మధ్యలోంచి అందరికీ కనబడేలా మోసుకుపోయేవాడు. కాపు బాగుండి ధర పలికితే గొంతు మెత్తబడి కొత్త నిబంధన బయటికొచ్చేది.

అలాంటి మంచి ఏడాది ఒక ఆదివారం పాస్టరు అయ్యగారితోనే వాదించాడు. "పదో వంతు లెక్క పాతకాలంది అయ్యగారూ. మనం కృప కింద ఉండాం. మనసుకు తోచినంత ఇస్తే సాలు."

ఇంటికొచ్చి మామా నేనూ అన్నానికి కూర్చున్నాం. అత్త నా కంచంలో పెద్ద సంగటి ముద్ద పెట్టి, కోడికూర నిండుగా పోసింది. మామ కంచంలో నిమ్మకాయంత సంగటి పెట్టి గిన్నె మూసేసింది.

"ఇదేందే?" అన్నాడు మామ.

"మనసుకు తోచినంత సాలని పొద్దున నువ్వే చెప్తివి గదబ్బా. నాకింతే తోచింది."

మామ ఆ ముద్దనే రెండు తుంపులు చేసి తిని లేచాడు.

తర్వాతి ఆదివారం చర్చి వాకిట్లో ట్రాక్టరు మీంచి చీనీకాయల గోతాలు దింపుతుంటే అడిగాను. "పదో వంతేనా మామా?"

"ఏమో అల్లుడా, లెక్క నేనెయ్యలేదు. మీ అత్త సాలనే దాకా నింపినా."