పొగ రాని వైపు మంచం

పత్తికొండ దగ్గర మా మామ చేలో కంది కోత అయిపోయిన సాయంత్రం చలిమంట వేసేవాళ్ళు. మా సీమలో ఎండ తప్ప ఏమీ లేదనుకునేవాళ్ళు ఆ చలిని చూడలేదు. మా మామ మీసాలు గడ్డకట్టి మేకుల్లా నిలబడేవి, తువ్వాలు తగిలించుకోవచ్చు. ఏడాదంతా అల్లుళ్ళను కూర్చోబెట్టి వడ్డించే ఆ ఇంట్లో ఆ ఒక్కపూట వంట అల్లుళ్ళది. ఆడవాళ్ళు మంట చుట్టూ చేరి వంకలు పెడతారు. ఎవరి వంట మామకు నచ్చితే వాళ్ళకు ఆయన నులకమంచం మీద, పొగ రాని వైపు, చోటు. మిగిలినవాళ్ళంతా గోనెసంచుల మీద కూర్చుని దగ్గుకోవలసిందే.

ఆ చోటు ఏళ్ళ తరబడి నాది. ఉన్న ఒక్క అల్లుడూ నేనే కాబట్టి అని మా ఆవిడ అనేది. ఆ మాట ఇక్కడ అనవసరం. నేను కెలికిన రాగిసంగటి ముద్ద గోడకేసి కొడితే గోడే పక్కకు జరిగేది, అంత గట్టి.

తర్వాత మా మరదలికి పెళ్ళయింది. సెల్‌ఫోన్లకు టార్చిలైటు కొత్తగా వచ్చిన రోజులవి, నా తోడల్లుడికి కడపలో ఆ ఫోన్ల దుకాణం. మొదటి ఏడు చలిమంటకు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఆ మడతలతో కూరగాయలు తరగవచ్చు. చూసి సంతోషించాను, వీడికి పచ్చికట్టె ఏదో కాలే కట్టె ఏదో తెలియదని. అతను మాత్రం నేరుగా వచ్చి నా కుండలోకి టార్చి కొట్టాడు.

“బాగా ఉడుకుతాండాదా అన్నా?”

నా సంగటిని అంతవరకు ఎవరూ దీపం పెట్టి వెతికింది లేదు.

అతను చొక్కా చేతులు మడిచి, నిప్పుల్లో టమోటాలు, పచ్చిమిరపకాయలు కప్పెట్టాడు. చెనిక్కాయల పప్పులు వేయించాడు. అన్నీ తెచ్చి మంట పక్కనే ఉన్న పాకలోని రోట్లో వేసి, వెల్లుల్లి చేర్చి, ఊరుబిండి పచ్చడి నూరడం మొదలుపెట్టాడు. ఆ వాసనకు పట్టాలు లేని ఆ ఊరికి డోన్ నుంచి రైళ్ళు దారి తప్పి వస్తాయేమో అనిపించింది. ఆడవాళ్ళు గోనెసంచులతో సహా రోటి వైపు జరిగారు. మా ఆవిడ కూడా జరిగింది. అది చూశాక నాకు చలి పోయింది, మంటతో పని లేకుండానే.

సంగటికి ఒక నియమం ఉంది. ఉడికిన నూకల మీద రాగిపిండి గుట్టగా పోసి, నడుమ తెడ్డుతో ఒక బెజ్జం చేసి, అందులోంచి ఆవిరి బాగా తన్నుకొచ్చేదాకా ముట్టుకోకూడదు. ఆ సంగతి నాకన్నా తెలిసినవాళ్ళు కర్నూలు జిల్లాలో లేరు. కానీ అక్కడ రోకలి చప్పుడు తగ్గుతోంది. అతను ముందు వడ్డిస్తే మంచం పోతుంది. కుండ దించి, పడవ నడపడానికి చాలినంత తెడ్డుతో కెలికేశాను.

“ఏమంత తొందర, బస్సేమన్నా పోతాండాదా మీకు?” అంది మా ఆవిడ.

మొదటి ముద్ద మామకు పెట్టాను. ఆయన కొరికాడు. లోపల గుమ్మడికాయంత ఉండ ఒకటి పగిలి, ఉడకని పిండి ఎగిరి, మీసాలు ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. తేరుకోవడానికి ఆయనకు ఒక పంటకాలం పట్టింది.

“గొంతులో పిండిమర పెడతాండావేమప్పా?”

నవ్వులకు ఓర్వకల్లు గుట్టలు కదిలి ఉంటాయి. అప్పుడే తోడల్లుడు ఆ ముద్ద మీద గుంట చేసి, ఇంత ఊరుబిండి వేసి, నెయ్యి పోశాడు. మామ తిన్నాడు. ఇంకో ముద్ద అడిగాడు. మళ్ళీ అడిగాడు. ఉండలు చూస్తూనే మింగాడు. కుండ అడుగు కనిపించింది. నా సంగటి పారేయాల్సిన అవసరం రాలేదు, అతని పచ్చడి పుణ్యమా అని. అతను నన్ను ఓడించి ఊరుకున్నా ఇంత బాధ ఉండేది కాదు. నన్ను కాపాడాడు.

మామ చెయ్యి కడుక్కుని మంచం మీద జరిగి, పక్కన తట్టాడు. “రాప్పా కడపాయనా, ఈడ కూచో.”

తోడల్లుడు లేవలేదు. “అన్నను కూచోనీ మామా. పొద్దున్నుంచి పొయ్యి కాడే ఉండాడు. నాకు ఈడే వెచ్చగుండాది.”

మంచితనంలోనూ నా కన్నా ముందే వడ్డించేశాడు. అందరూ నా వైపు చూస్తుంటే పోయి కూర్చున్నాను. అవతల అతను పొగలో దగ్గుతుంటే మా ఆవిడే చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

ఆ వైపుకు పొగ రాదు. అయినా నా కళ్ళలో నీళ్ళు ఆగలేదు. మామ వంగి, ఎందుకని అడిగాడు.

“ఊరుబిండి కారం మామా” అన్నాను. “బాగుండాది.”